దేహభారము – మనోభారము

నేను ముప్పది యెనిమిదేండ్లు పాఠశాలలలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. రేడియోవారు పిలిచినప్పుడెల్ల ఛందస్సును గూర్చియో, సమాసములను గూర్చియో మాటలాడి పోవుచుంటిని. ఈమారు వారు ఆరోగ్యవిషయ మేదైన నెత్తికొనుడని కోరిరి. నేను వైద్యుడను గాను. నాడి చూచుటయైన నెరుగను. కాని దేహపు బరువు తగ్గించుకొనుటను గూర్చి ముచ్చటించుటకు నాకొక యధికారము కలదు. అది 92 కిలోల యధికారము. అందులో పది కిలోలు నేడు నాయొద్ద లేవు. అవి పోయిన విధమును, పోవునప్పుడు మనస్సు పెట్టిన యిబ్బందులను చెప్పుదును. ఏమి తినవలయును, ఏమి తినరాదు అని చెప్పువారు వీధి కొక్కరున్నారు. ఆ పని చేయునప్పుడు మనస్సు నెట్లుంచుకొనవలయునో చెప్పువారు తక్కువ.

నాలుగేండ్ల క్రిందట నా తూనిక 92 కిలోలు, నా యెత్తు 168 సెంటీమీటర్లు. కిలోలను మీటర్లలోని యెత్తుయొక్క వర్గముచే భాగించిన వచ్చు సంఖ్యను బట్టి వైద్యులు స్థౌల్యమును నిర్ణయింతురు. 1832వ సంవత్సరమున కెటెలే యను బెల్జియను గణితవేత్త కనిపెట్టిన లెక్క యిది. మన భారతీయులకు 23 దాటిన నధికభారమనియు, 25 దాటిన స్థౌల్యమనియు మన వైద్యులు నియమించిరి. నా సంఖ్య 32 దాటినది. అయినను నాకు దిగులు లేదు. మా యింట అందరమును భారీ మనుష్యులమే. "నిండైన విగ్రహము" అని బంధువులు మెచ్చుకొనుచుండిరి.

అట్టి దినములలో మా యన్నగారి కాలివ్రేలికి చిన్న పుండు లేచినది. ఆయనకు పదునెనిమిదేండ్లుగా మధుమేహము. పుండు మానలేదు. మొదట వ్రేలిని, పిదప పాదమును తీసివేసిరి. నేను చూడబోవునప్పటికి ఆయన ఆసుపత్రి మంచముపై నానుకొని కూర్చుండి యుండెను. నా కన్నులు ఆ కట్టుమీదనే నిలిచినవి. ఆయన కొంతసేపు చూచి, "ఒరే తమ్ముడూ, నా కాలు చూడటం మాని నీ పొట్ట చూసుకో" అనెను. మరునాడు నా రక్తమును పరీక్ష చేయించుకొంటిని. మధుమేహ మింకను రాలేదు కాని గుమ్మములో నిలుచుండియున్నదని వైద్యుడు చెప్పెను.

ఆ రాత్రియే భీష్మప్రతిజ్ఞ చేసితిని. మూడు నెలలలో 20 కిలోలు తగ్గవలయునని, అన్నము ముట్టరాదని, మజ్జిగయు దోసకాయ ముక్కలును తప్ప వేరేమియు కంఠము దిగరాదని! పదునొకండు దినములు నడచినది. మూడున్నర కిలోలు తగ్గితిని. గర్వము హెచ్చినది. పండ్రెండవ నాడు మా మనుమడు తెలుగు వ్రాతపుస్తకము తెచ్చి చూపినాడు. ఒక దీర్ఘము లోపించినది. ఆ యొక్క దీర్ఘమునకు నేను పుస్తకమును గోడకు విసరితిని. పిల్లవాడు నిర్విణ్ణుడై నిలుచుండిపోయినాడు. మా గృహిణి వంటయింటినుండి వచ్చి, పుస్తకము నేరి పిల్లవాని చేతికిచ్చి, "ఏమండీ, అన్నమైనా తినండి, కోపమైనా మానండి. రెండూ మాకు పెట్టకండి" అనెను. ఆనాటి యర్ధరాత్రమున నేను దీపము వేయకయే వంటయింట దూరి, గిన్నెలోని చద్దియన్నమంతయు ఆవకాయతో కలిపికొని తింటిని.

నా స్వభావమే నీచమైనదని యప్పుడు తలచితిని. పిమ్మట చదివిన యొక సంగతి నా కన్నులు తెరపించినది. 1944–45 సంవత్సరములలో, ప్రపంచయుద్ధము జరుగుచుండగా, అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ముప్పది యార్గురు యువకులను, వారి యిష్టముమీదనే, ఆరు నెలలపాటు అర్ధాకలితో నుంచెను. యుద్ధానంతరము కరవు వాతపడినవారికి తిండి యెట్లు పెట్టవలయునో తెలిసికొనుటకై చేసిన పరీక్ష యది. ఆ యువకులు సాత్త్వికులు. హింస యొల్లక, సైన్యమున చేరుటకు నిరాకరించినవారు. అట్టివారు కొలది నెలలలో చిడిముడిపడ జొచ్చిరి. దిగులుపడిరి. ఒకరితో నొకరు మాటలాడుట మానిరి. పళ్ళెములు నాకిరి. పాకశాస్త్ర గ్రంథములను కావ్యములవలె చదువ మొదలిడిరి. మొదటినుండియు స్థూలకాయులు కానివారు గనుక వారి స్థితియు నా స్థితియు నొకటి గావు. అయినను ఆకలి కడుపులోనే యుండక తలకెక్కునని దానివలన తెలియుచున్నది. మా మనుమని పుస్తకమును విసరిన చేయి నాదే. ఆ తప్పు నాదే. కాని యంత ఆకలిలో ప్రసన్నతను కోరుట యెండిన బావిలో చేద వేయుట వంటిది. మొదట పథ్యమును సరిచేసికొనవలయును. పిమ్మటనే మనస్సును మందలింపవలయును.

ఇచట చరకుని మాట యెత్తక నా వంటి పాతకాలపు పండితునికి గతి లేదు. చరకసంహిత సూత్రస్థానమున నిరువదియొకటవ యధ్యాయము నిందితులైన యెనిమిది విధముల మనుష్యులను గూర్చినది. మిక్కిలి పొడవైనవారు, మిక్కిలి పొట్టివారు మొదలైనవారిని లెక్కపెట్టి, వారిలో అతిస్థూలుని, అతికృశుని ప్రత్యేకించి చర్చించును. స్థౌల్యమునకు కారణములుగా అతిభోజనము, గురుమధురస్నిగ్ధపదార్థములు, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర మొదలైనవానిని చెప్పి, "బీజస్వభావము" అనునొక కారణమునుగూడ చేర్చును. అనగా తల్లిదండ్రులనుండి వచ్చినది. స్థూలునికి కలుగు నెనిమిది దోషములలో అతిక్షుధను, అతిపిపాసను చేర్చును. మేదస్సుచే మార్గములు కప్పబడగా వాయువు కోష్ఠమున సంచరించి అగ్నిని రగుల్చును గనుక స్థూలునికి ఆకలి యధికమని యాయన యుపపత్తి. నేటి శాస్త్రమున ఆ వాయువు లేదు, ఆ యగ్నియు లేదు. కాని స్థూలుని యాకలిని దుర్గుణముల పట్టికలో గాక వ్యాధిలక్షణముల పట్టికలో వ్రాసిన యా ఋషి యౌదార్యమును గమనింపుడు.

నాకు విచిత్రముగా తోచిన దింకొకటి కలదు. స్థౌల్యకారణములలో చరకుడు "హర్షనిత్యత్వము"ను, "అచింతనము"ను గూడ చెప్పెను. ఎల్లప్పుడును సంతోషముగా నుండుట, చింత లేకుండుట! చికిత్సలోను వ్యాయామముతోపాటు చింతనమును క్రమముగా పెంచుమనెను. బరువు తగ్గువారు నిరంతరము నవ్వుచుండవలయునని నేడు బోధించువారికి ఇది కంటగింపుగా నుండును. మరి చరకుడు దుఃఖపడుమనెనా? తెలుగున చింత యనగా దిగులే కదా (చింతపండు నిచట విడిచిపెట్టుదము). కాని సంస్కృతమున చింతన మనగా ఆలోచన. ఇది నేను సౌకర్యమునకై కల్పించు నర్థము కాదు. అదే యధ్యాయమున కృశత్వమునకు కారణములు చెప్పునప్పుడు ఆయన "శోకము" అను వేరొక శబ్దమును వాడెను. శోక మతని యెరుకలోనిదే. అయినను స్థూలునికి శోకమును మందుగా చెప్పలేదు, చింతనమును చెప్పెను. అమితానందమును గాదు, దుఃఖమును గాదు, ఆలోచించుచున్న మనస్సును కోరెనని నా బుద్ధికి తోచుచున్నది. "క్రమముగా" అనుమాట యింకను విలువైనది. నేను పదునొకండు దినములలో పోగొట్టుకొన్నది ఆ క్రమమునే.

ఆ చికిత్సలోనే ఆయన జాగరణమును గూడ చెప్పెను. పగటినిద్ర మానుటవరకే నేను దానిని పాటించితిని. రాత్రి నిద్ర చాలనివారు మరునాడెక్కువ తిందురని నేటి శాస్త్రము చెప్పుచున్నది. 2022లో చికాగో విశ్వవిద్యాలయమువారు, నిద్ర తక్కువైన యధికభారుల నిద్రను దినమునకు గంటకు పైగా పెంచి చూడగా, వారు ఏ పథ్యమును లేకయే దినమునకు సుమారు 270 కేలరీల యాహారము తక్కువ తినిరట. ఋషివాక్యమైనను పరీక్షకు నిలువనిచోట విడుచుట తప్పు గాదు. పరీక్షించి చూడుమని నేర్పినదియు మన శాస్త్రములే.

ఇక సంతోషముతో కూడిన తలపులలో రెండు రకములు గలవు. మూడు నెలల ప్రతిజ్ఞ చేసిన రాత్రి నేను నిద్రపోలేదు. సన్నబడిన నన్ను చూచి సంఘములో ఎవరెవరేమందురో, పాత కోటు మరల నెట్లు బొత్తాములు పట్టునో ఊహించుకొనుచు తెల్లవార్లు మురిసితిని. పంచతంత్రములోని సోమశర్మ తండ్రి పేలపిండి కుండక్రింద పరుండి యిట్లే మురిసినాడు. మేకలు, ఆవులు, గుఱ్ఱములు, మేడ, భార్య, కుమారుడు వరుసగా రాగా, ఆ భార్యను తన్నబోయి కుండను తన్నినాడు. 1991లో అమెరికాలో గాబ్రియేలె ఓటింగెన్ అను మనస్తత్త్వవేత్తయు, థామస్ వాడెన్ అను నాయనయు, బరువు తగ్గు చికిత్సలో చేరిన 25 మంది స్థూలకాయులైన స్త్రీలను ఒక యేడాది పరిశీలించిరి. "నేను తగ్గగలను" అని నమ్మినవారు ఎక్కువగా తగ్గిరి. సన్నబడిన తమ రూపమును, విందులో పదార్థములను అవలీలగా త్రోసిపుచ్చు తమ నిగ్రహమును తీయగా ఊహించుకొనుచుండినవారు తక్కువగా తగ్గిరి. నమ్మకము వేరు, మనోరాజ్యము వేరు. మనోరాజ్యమున ఫలమును ముందుగనే భుజించుటచే కాళ్ళకు నడువవలసిన తొందర యుండదు. నమ్మినవాడు కష్టమును గూడ లెక్కలో వేసికొనును. "రేపు పెండ్లియున్నది. మా వియ్యపురాలు కొసరి వడ్డించును. అప్పుడు నేనేమందును?" అని ముందుగా తలచుకొనుటే చింతనము.

ఇప్పుడొక నేరము నొప్పుకొనవలయును. నేను ఉద్యోగమున చేరిన మొదటి యేండ్లలో ఏడవ తరగతిలో లావైన బాలు డొకడుండెను. నేను వానిని "లంబోదరా" అని పిలుచుచుంటిని. తరగతి యంతయు నవ్వెడిది. వాడును నవ్వెడివాడు. అది వినాయకుని పేరే కదా, దోషమేమి యనుకొంటిని. మూడేండ్ల క్రిందట ఒక పెండ్లిలో, భోజనపు బంతిలో నా ప్రక్క విస్తరి యొద్ద కూర్చున్న యాతడు, "మాస్టారూ, గుర్తుపట్టారా? నేను మీ లంబోదరుణ్ణి" అనెను. నేను సంతోషముతో వాని భుజము తట్టితిని. ఆతడు మెల్లగా, "మీరు ఎదురవకుండా బడి వెనకవైపు నుంచి వచ్చేవాణ్ణండి. ఆటల గంటకి కడుపునొప్పని చెప్పి గదిలోనే కూర్చునేవాణ్ణి" అనెను. ఆ మాటలో కోపము లేదు. అప్పటి కాతని బరువు నూటపది కిలోలు. మధుమేహము, రక్తపుపోటు రెండును వచ్చియున్నవి. చక్కగా చదువుకొని మంచి యుద్యోగము చేయుచున్నాడు. నేను లంబోదరుడని పిలువకున్న ఆతడు సన్నబడియుండునని యనజాలను. కాని ఆ బాలుని ఆటస్థలమునుండి తరిమినది నా నోరే. విస్తరిలోని బూరెను నేనానాడు ముట్టలేకపోతిని. ఆతనికి క్షమాపణ చెప్పితిని. "ఎప్పటి మాటో లెండి, మాస్టారూ" అనెను.

పరిహాసముచే సిగ్గుపడి మనుష్యుడు తగ్గుననుకొనువారు నేటికిని చాలమంది యున్నారు; వారిలో అత్తగారులు, మామగారులు, పంతుళ్ళు ముందు వరుస. ఇంగ్లండులో యేబదేండ్లు దాటిన యించుమించు మూడువేలమందిని నాలుగేండ్లపాటు పరిశీలించి, లండను విశ్వవిద్యాలయ కళాశాలవారు 2014లో ప్రకటించిన ఫలితము నిచట చెప్పుదును. బరువు కారణమున అవమానము పొందినామని చెప్పినవారు ఆ కాలమున సగటున సుమారొక కిలో పెరిగిరి. అట్టి యవమానము లేదని చెప్పినవారు సుమారు ముప్పాతిక కిలో తగ్గిరి. ఒక్క పరిశీలనతోనే కార్యకారణసంబంధము తేలదు. అయినను అవమానము మందుగా పనిచేయలేదని మాత్రము స్పష్టము. పరులు చేయు పరిహాసమునకే యింత ఫలమున్నచో, మనలను మనమే దినమంతయు దూషించుకొనినచో నేమగునో యూహింపుడు.

మన భాషలో నొక సామెత కలదు: మునిగినవానికి చలి యేమి? పథ్యము చేయువారి పతనమంతయు ఈ సామెతలోనే యున్నది. ఉదయము ఒక్క గారె తింటిమి. "ఇంకేమున్నది, ఈనాటి పథ్యము చెడినది, రేపు చూచుకొందము" అని పదిగారెలు తిందుము. రేపు ఆదివారము. సోమవారమునుండి మొదలుపెట్టుదము. సోమవారము బంధువులు వత్తురు. 1975లో హెర్మన్, మాక్ అను నిద్దరు పరిశోధకులు దీనిని చక్కగా పరీక్షించిరి. కొందరు విద్యార్థినులకు మొదట తీపి పాలపానీయము నిచ్చి, పిదప రుచి చూచు నెపమున ఐస్‌క్రీము పెట్టిరి. తిండి విషయమున పట్టింపు లేనివారు, పాలు త్రాగియున్నారు గనుక, ఐస్‌క్రీము తక్కువ తినిరి. పథ్యము పాటించువారో, పాలు త్రాగిన పిమ్మట ఇంకను ఎక్కువ తినిరి! వారి కడుపు నిండలేదని కాదు. వారి వ్రతము భంగమైనదని.

2007లో ఆడమ్స్, లీరీ అనువారు దీనికి మందు వెదకిరి. పథ్యము చేయు కొందరిచేత తీపి డోనట్టు తినిపించి, వారిలో సగముమందితో మాత్రము, "ఇట్టివి అందరును అప్పుడప్పుడు తిందురు, మిమ్ము మీరు నిందించుకొనకుడు" అని నాలుగు మంచిమాటలాడిరి. పిదప మిఠాయిలు ముందుంచగా, ఆ మాట విన్నవారు వినని వారికంటె తక్కువ తినిరి. తన్ను తాను క్షమించుకొన్నవాడు విచ్చలవిడి యగునని నేను ముప్పది యెనిమిదేండ్లు నమ్మి, ఆ నమ్మకముతోనే బెత్తము పట్టితిని. ఇప్పు డా బెత్తమును గూర్చి పునరాలోచన చేయవలసి వచ్చినది.

మునిగినవారికి లెక్కలును కొంత సాయము చేయును. నేను తెలుగు పండితుడనైనను ఈ లెక్క నేర్చుకొంటిని. మా చెల్లెలి మనుమరాలి పెండ్లిలో రెండు పూటలు తృప్తిగా భుజించితిని: పులిహోర, బూరెలు, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు. మరునాడు త్రాసెక్కగా 1 కిలో 800 గ్రాములు పెరిగినట్లు చూపినది. రెండు నెలల శ్రమ యొక్క దినమున పోయినదే యని తల పట్టుకొంటిని. పిదప కాగితము తీసితిని. దేహమున ఒక కిలో క్రొవ్వు చేరవలయునన్న, అవసరమునకు మించి ఇంచుమించు 7,700 కేలరీలు తినవలయును. నేనెంత విందారగించినను ఆనాడధికముగా తిన్నది 1,500 కేలరీలకంటె నెక్కువ కాదు. అనగా క్రొవ్వు చేరినను 200 గ్రాములు. తక్కిన 1,600 గ్రాములేమి? ఆవకాయ, అప్పడములలోని యుప్పు నీటిని పట్టి యుంచును. అన్నము, తీపి పదార్థములనుండి దేహము దాచుకొను పిండిపదార్థము, గ్రాము ఒక్కింటికి సుమారు మూడు గ్రాముల నీటిని తనతో నుంచుకొనును. జీర్ణము కావలసిన యన్నము కడుపులోనే యున్నది. నాలుగవ దినమున చూడగా ఒకటిన్నర కిలో దానంతట నదియే దిగిపోయినది. అందుచే నేనిప్పుడు ఏ దినపు తూనికను ఆ దినమున నమ్మను. ఏడు దినముల సంఖ్యలను కలిపి ఏడింటిచే భాగించి, ఆ సగటునే పుస్తకమున వ్రాసికొందును. మొదటి పదునొకండు దినములలో పోయిన మూడున్నర కిలోలలో అధికభాగము నీరేయని ఈ లెక్కచేతనే తెలిసినది. నా గర్వముగూడ నీళ్ళపాలే!

ఆరవ నెలలో వచ్చు కష్టము వేరు. చేయవలసినదంతయు చేయుచున్నను త్రాసు కదలదు. ఇచటనే యనేకులు విడిచిపెట్టుదురు. కారణము లేకపోలేదు. చిన్నదైన దేహమునకు ఖర్చు తక్కువ. పెద్దబండికి కావలసినంత చమురు చిన్నబండికి అక్కరలేదు కదా. అంతేకాక, 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందము లెప్టిన్ అను హార్మోనును కనిపెట్టినది. క్రొవ్వునుండి పుట్టి, నిలువ యెంతయున్నదో మెదడునకు తెలుపు వార్తాహరుడది. క్రొవ్వు తగ్గగానే ఆ వార్త సన్నగిల్లును. దేశమున కరవు వచ్చినదని మెదడు భావించి ఆకలిని పెంచును. 2011లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నున చేసిన పరిశీలనలో, బరువు తగ్గిన యేడాదికి గూడ ఆకలికి సంబంధించిన హార్మోనులు మునుపటి స్థితికి రాలేదని తేలినది. అందుచే ఆరవ నెలలో ఆకలి హెచ్చిన, "నా నిగ్రహము చచ్చినది" అనుకొనకుడు. శరీరము తన కరవుకాలపు పాతవిద్య నభ్యసించుచున్నది. శత్రువు కాదది, మన పూర్వులను క్షామములలో బ్రతికించినది అదియే.

త్రాసు కదలనప్పుడు నన్ను నిలిపినది చెన్నపట్టణమున జరిగిన పరిశోధన. మధుమేహపు గుమ్మములోనున్న 531 మందిని డాక్టరు రామచంద్రన్ గారి బృందము మూడేండ్లు పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించినది. సాధారణ సలహాతో విడిచిపెట్టిన నూరుమందిలో 55 మందికి మధుమేహము వచ్చినది. నడకయు, మితాహారమును క్రమముగా పాటించిన నూరుమందిలో 39 మందికి మాత్రమే వచ్చినది. విశేషమేమనగా, వారి బరువు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు! త్రాసులో కానరాని మేలు రక్తమున జరిగినదన్నమాట. ఇది చదివిన నాటినుండి నా పుస్తకమున బరువు ప్రక్కన మరికొన్ని వరుసలు గీచితిని: ఈనాడు నడచితినా, కొసరు వలదంటినా, మెట్లెక్కునప్పుడు మోకాలు నొచ్చినదా, రాత్రి నిద్ర పట్టినదా. బరువు నా చేతిలో లేదు. నడక నా చేతిలో నున్నది. నా చేతిలో నున్నదానికే మార్కులు వేసికొందును. అది పంతులు బుద్ధి.

ఆహారమున నేను చేసిన మార్పు చిన్నది. మూడు పూటల యన్నమును ఒక పూటకు దించి, తక్కిన పూటలలో జొన్నరొట్టెయో, కొఱ్ఱన్నమో, పెసరట్టో. చరకుడు స్థూలునికి చెప్పిన ధాన్యములలో కొఱ్ఱలు, జొన్నలు, ఆరికలు, పెసలు, ఉలవలు గలవు. మన మెట్ట సీమలవారి నిత్యభోజనమే యది. కాని కొఱ్ఱన్నమైనను కుండెడు తిన్న ఫలము లేదు. అలవాటు పడుటకు కాలము పట్టును. లండనులో 96 మందిని పరిశీలించి 2009లో ప్రకటించినదానిని బట్టి, ఒక క్రొత్త పని ప్రయత్నము లేకయే జరుగునంతటి యలవాటగుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టినది. కొందరికి 18 దినములే, కొందరికి 254 దినములు కావలసియుండునని యంచనా కట్టిరి. నడుమ నొక్కనాడు తప్పినను అలవాటునకు చెప్పుకొనదగిన భంగము కలుగలేదట. నలువదియొక్క దినముల దీక్షలో ఒక్కనాడు తప్పిన నంతయు వ్యర్థమనుకొను మన కిది యూరట గలిగించు మాట.

ఇంటివారితో రెండు మాటలు. పథ్యము చేయువానిని "ఈ ఒక్కటి తిను, ఏమీ కాదు" అని బలవంతపెట్టుట ప్రేమయే యనుకొందుము. మా గృహిణి యుపాయము మంచిది: విస్తరిముందు కూర్చున్న పిదప ఎవరును వడ్డింపరాదు, అడిగినవారికే పెట్టవలయును. అట్లే స్త్రీల సంగతియు చెప్పవలసియున్నది. అందరి భోజనములైన పిమ్మట గిన్నెలలో మిగిలినది పారవేయ మనసొప్పక తినునది యింటి యిల్లాలు. ఆమె బరువును గూర్చి యందరును మాటలాడుదురు. ఆమె నడచుటకు ఉదయమున అరగంట తీరిక యిచ్చువారు లేరు. మా యింట నేనిప్పుడు ఉదయము పాలు కాచి, మనుమని బడికి సిద్ధము చేయుదును. ఆమె కాలువగట్టున నడచి వచ్చును. పిదప నేను పోవుదును. ఈ యేర్పాటునకు మొదట మా యింట నవ్వినవారే యెక్కువ.

నా మాటలు విని ఎవరును మందులు మార్చుకొనరాదు. మధుమేహమునకు మాత్రలో, ఇన్సులినో వాడువారు వైద్యుని యడుగక ఉపవసించిన రక్తమున చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. థైరాయిడు గ్రంథి మందగించుటవలనను, కొన్ని మందులవలనను బరువు పెరుగును; దానికి మనోధైర్యము చికిత్స కాదు. ఆకలిని తగ్గించు సూదిమందులు, వారమున కొకసారి తీసికొనునవి, 2025లో మన దేశమునను అమ్మకమునకు వచ్చినవి. అవి వాడుట సోమరితనమని నిందించుట న్యాయము గాదు. వైద్యుని పర్యవేక్షణ లేక వాడుట క్షేమము గాదు. తిండిని తలచుకొన్నంతనే భయము కలుగువారు, రహస్యముగా అతిగా తిని కక్కివేయువారు, వారముల తరబడి దేనియందును ఆసక్తి లేక కృంగిపోవువారు మానసిక వైద్యుని చూడవలయును. వారితో "ధైర్యముగా నుండుము" అనుట విరిగిన కాలివానిని పరుగెత్తుమనుట వంటిది.

నాకిచ్చిన కాలము ముగియవచ్చినది. నా లెక్క చెప్పి లేచెదను. మొదటి యేట తొమ్మిది కిలోలు తగ్గితిని. రెండవ యేట మోకాలు బెణికి నడక మానగా నాలుగు పెరిగితిని. మరల అయిదు తగ్గితిని. గత వారపు సగటు 82 కిలోల 100 గ్రాములు. కెటెలేగారి సంఖ్యను బట్టి నేను నేటికిని స్థూలుడనే. రక్తపరీక్ష మాత్రము మధుమేహము గుమ్మము దిగి వీధిలో నిలుచున్నదని చెప్పుచున్నది. మా యన్నగారు కృత్రిమపాదముతో నడచుట నేర్చినారు. ఆదివారములలో నేను వారి యూరికి పోయి, సాయంకాలము వారితో గుడివరకు నడచెదను. ఆయన వేగము తక్కువ. మధ్యలో రావిచెట్టు అరుగుమీద ఒకసారి కూర్చుందుము. మొన్న ఆదివారము మాత్రము ఆయన కూర్చుండక, "పద పద" అని సాగినారు.